అడగకుండా నడిచిన దారి

డొరీన్ థ్వెయిట్ గుమ్మం ముందు మొదలైన దారి తిరిగి ఆ గుమ్మం ముందుకే వస్తుంది. చర్చి వెనక సందు, బార్లీ చేను గట్టు, గులకరాళ్ల ఒడ్డుకు దిగుడు, మళ్లీ కొండకొమ్ము ఎక్కి సముద్రం అంచునే అరమైలు, స్టోబర్ట్ పొలం రాతిగోడ దగ్గర మలుపు, ఆపైన ఊరు. అంతా కలిపి మూడు మైళ్లు. బడి వంటశాలలో పనిచేసినన్నాళ్లూ పొయ్యి వెలిగించే ముందు, మానేశాక టీ తాగగానే, ఆమె ఈ చుట్టు తిరుగుతూనే ఉంది. ఇరవై ఆరేళ్లలో కుక్కలు మూడు మారాయి. ఇప్పటిది మస్టర్డ్. పొట్టికాళ్లది, ఎవరి మాటా వినదు.

పొగమంచు కమ్మిన రోజుల్లో ముందు సముద్రం మాయమయ్యేది, తర్వాత చేను, ఆ తర్వాత కుక్క. కాళ్లు మాత్రం వాటి పని అవి చేసుకుపోయేవి. తను నడుస్తోందో, దారే తనను మోసుకుపోతోందో ఆమెకు తెలిసేది కాదు. ముందు ఎవరో వెళ్తున్నట్టు, వెనక ఎవరో వస్తున్నట్టు అనిపించేది. భయం వేసేది కాదు.

మే నెలలో కొండకొమ్ము మీద కొత్త బోర్డు వెలిసింది. స్టోబర్ట్ పొలాన్ని కొన్న నగరం పెద్దమనిషి పెట్టించాడు. ‘నడిచేవారికి స్వాగతం. ఈ దారి యజమాని దయతో అనుమతించినది.’

ఊరు మురిసిపోయింది. పక్కింటి సిరిల్ కృతజ్ఞతల కార్డు కొని ఇంటింటికీ తిప్పి సంతకాలు పెట్టించాడు. డొరీన్ కార్డు ముట్టుకోలేదు.

“ఏంటి డొరీన్, చెయ్యి పడిపోయిందా?”

“మన దారిలో మనల్ని నడవనిచ్చినందుకు థాంక్సు చెప్పాలా?”

“పాపం మంచిగానే రాశాడుగా. తరిమెయ్యలేదుగా.”

“తరిమితే ఊరంతా లేచేది. అందుకే స్వాగతం అన్నాడు. ఇవాళ దయ తలచినవాడు రేపు దయ తలచకపోతే ఏం చేస్తావు?”

ఇక్కడి చట్టం చిత్రమైనది. జనం ఇరవై ఏళ్లపాటు ఎవరినీ అడగకుండా, దాక్కోకుండా, కంచె తెంచకుండా ఒక దారిన నడిస్తే అది అందరిదీ అవుతుంది. అనుమతితో నడిస్తే ఎన్నేళ్లు నడిచినా అది యజమాని పెట్టిన భిక్షే. గోడకు తగిలినా ‘సారీ’ చెప్పే ఈ మనుషులకు ఇంతకంటే కష్టమైన చట్టం లేదు. దారిని అందరిదిగా నమోదు చెయ్యమని కౌన్సిల్‌కు పంపే సాక్ష్యపత్రాలను డొరీన్ ఊళ్లో పంచింది. సిరిల్ తనది నింపి తెచ్చాడు. ‘ముసలి రైతు దయతో నడవనిచ్చేవారు’ అని ముత్యాల్లాంటి అక్షరాలు.

“ఆయన నడవనిచ్చాడని నీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. అలా రాస్తే మర్యాదగా ఉంటుందని.”

“నీ మర్యాద తగలెయ్య. దారి పోతుంది సిరిల్. మళ్లీ రాయి. జరిగింది రాయి.”

అతను గొణుక్కుంటూ ఇంకో కాగితం తీసుకున్నాడు. కానీ డొరీన్ తన కాగితం దగ్గరే ఆగిపోయింది. ‘మీరెప్పుడైనా అనుమతి అడిగారా?’ అని అందులో ఒక ప్రశ్న. తను అడిగింది. ఇరవై ఆరేళ్ల కిందట, ఈ ఊరికి వచ్చిన వారంలోనే, గోడ బాగుచేస్తున్న ఏబెల్ స్టోబర్ట్‌ను ‘ఇటు వెళ్లొచ్చా అండీ’ అని అడిగింది. ఆయన ఏదో అన్నాడు, నవ్వాడు. ఏమన్నాడో గుర్తులేదు. సరేనని ఉంటే? ఊరి ఇళ్లలో సగం ఇప్పుడు సెలవులకు వచ్చే డబ్బున్నవాళ్లవి. ఇరవై ఏళ్లు దాటి నడిచినవాళ్లు ముగ్గురే మిగిలారు. అందులో ఆమె ఒకతె.

“లేదని రాసెయ్,” అన్నాడు సిరిల్. “ఏబెల్ పోయాడు. కుక్క చెప్పదు.”

“ఆయన పోతే మాత్రం? నేనున్నాగా.”

మర్నాడు కాగితం కోటు జేబులో పెట్టుకుని బయలుదేరింది. చేను దాటేసరికి మంచు ముంచుకొచ్చింది. ఒడ్డున గులకరాళ్లు నీళ్ల కింద దొర్లుతున్న చప్పుడు, పైన ఎక్కడో ఒక పక్షి. కొండకొమ్ము ఎక్కింది. బోర్డు కనబడలేదు. మంచులో దానికీ చోటు లేదు. ముందు నడుస్తున్నవాళ్ల అడుగులు వినబడుతున్నట్టే ఉంది. తడి గౌన్లు, నడుము మీద బుట్టలు, మెత్తగా ఏవో కబుర్లు. రాతిగోడ చేతికి తగిలింది. చల్లగా, నాచుతో. ఏబెల్ టోపీ, ముక్కు చివర చుక్క, ఆ నవ్వు అన్నీ ఆ రాయిలోంచి వచ్చినట్టు వచ్చాయి.

“నన్నడుగుతావేంటమ్మాయ్? పీతల బుట్టలు మోసుకుంటూ ఆడవాళ్లు మా తాత పుట్టకముందు నుంచీ ఇటే పోయేవాళ్లు. ఇవ్వడానికి ఇది నాదైతే కదా.”

డొరీన్ గోడ మీద కూర్చుంది. ఈ దారిని ఏ యజమానీ వెయ్యలేదు. ఏ పొలం మీదా పేరు లేని ఆడవాళ్లు కాళ్లతో వేశారు. కాగితాన్ని మోకాలి మీద పరిచి రాసింది. ‘అడిగాను, ఒక్కసారి. నాకు గుర్తున్నంతవరకు ఆయన మాటలు ఇవి.’ ఒక్క మాట కలపకుండా, ఒక్కటి వదలకుండా రాసి, కింద సంతకం చేసింది. మంచుకు సిరా కాస్త అలుక్కుంది, అక్షరాలు మాత్రం చెదరలేదు. మస్టర్డ్ విసుగ్గా తాడు లాగింది.

“వస్తున్నా తల్లీ, వస్తున్నా,” అని లేచి, ఊరివైపు మలుపు తిరిగింది.