కలిసిపోయిన రెండు గీతలు

ముందు తలుపు చప్పుడు వినిపిస్తుంది. ఇనుము ఇనుమును ఒరుసుకునే మోత కాదది. తలుపు అంచు పొడవునా ఉన్న సన్నటి రాగి పళ్లు చట్రంలోకి ఒదుగుతుంటే, ఎండుటాకుల మీద ఎవరో మెల్లగా కూర్చున్నట్టు ఉంటుంది. ఆ తర్వాత ఏమీ ఉండదు. నాచారం పారిశ్రామికవాడ లారీలు, వెల్డింగ్ మోతలు, జేబులోని ఫోన్‌కు అందే సిగ్నలు, అన్నీ ఆ తలుపు అవతలే నిలబడిపోతాయి. లోపల గోడల నిండా నల్లటి ఫోమ్ కొమ్ములు. మధ్యలో చెక్కబల్ల. బల్ల మీద ఒక సిరంజి పంపు.

ఆ రోజు ఆకులు మళ్లీ గలగలమన్నాయి, తలుపు తెరుచుకుంది, మానస బయటికి వచ్చింది.

"కలిసినయా మేడం?" అన్నాడు బయట మీటర్ల ముందు కూర్చున్న మహిపాల్. ఆ గదిలో కొలతలు తీసేది అతనే.

"కలిసినయి," అంది మానస. ఆ మాట చెప్పేటప్పుడు ఆమెకు సంతోషం కలగాలి. కలగలేదు.

మానస పుట్టింది నాచారంలోనే. తండ్రి మొగిలయ్య బిస్కెట్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. తెల్లవారితే వీధంతా కాలిన చక్కెర వాసన. ఆ వాసనలోనే ఎక్కాలు నేర్చుకుంది, ఇంజనీరింగ్ చదివింది. పెళ్లయి బోడుప్పల్‌కు మారినా ఉద్యోగం మళ్లీ నాచారానికే తీసుకొచ్చింది. ఆస్పత్రులకు సిరంజి పంపులు చేసే చిన్న కంపెనీ. పసిబిడ్డ ఒంట్లోకి మందును చుక్కచుక్కగా, గంటల తరబడి నెట్టే పంపులు. ఫోన్లు, వాకీటాకీలు వదిలే రేడియో తరంగం పంపు లోపలి తీగలోకి దూరి దాన్ని తికమక పెట్టకుండా చూడటం మానస పని. అందుకోసం పంపును కంప్యూటర్‌లో మోడల్‌గా మళ్లీ కడుతుంది. తెర మీద ఆ పంపు నీలంగా నిద్రపోతుంటుంది. తరంగం తాకగానే తీగ వెంట ఎర్రటి వెలుగు పాకుతుంది. ఆ వెలుగు నిజమా, ఒట్టి రంగా అన్నది తేలేది మాత్రం రాగి పళ్ల గదిలోనే. తీగలోకి ఎంత తరంగం దూరుతుందో మోడల్ గీసిన గీతనూ, గదిలో కొలిచిన గీతనూ ఒకే కాగితం మీద వేసి చూస్తారు.

ఆ చూడటానికి ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. భోజనాలయ్యాక కాగితం బల్ల మీద పెడతారు. ఒకరి మాట ఇంకొకరి కన్ను మీద పడకుండా ఎవరికి వారు చీటీ మీద "చాలా బాగుంది" దగ్గర్నుంచి "అస్సలు బాలేదు" దాకా ఏదో ఒకటి రాసి స్టీలు డబ్బాలో వేస్తారు. మోడల్ కట్టినవాళ్లూ వెయ్యాలి. ఆ పద్ధతి పెట్టింది మానసే.

"ఏంది మేడం, గీతలు రెండు కొంగుముడి ఏసుకున్నట్టే ఉన్నయి గద!" అన్నాడు మహిపాల్.

"ఓటేసేటప్పుడు మాట్లాడకూడదని నీకెన్నిసార్లు చెప్పాలయ్యా?" అన్నారు సత్యనారాయణమూర్తిగారు. ప్రభుత్వ సంస్థలో రిటైరై వచ్చి ఇక్కడ డిజైన్ విభాగం చూస్తున్నారు.

"నా ఓటు ఎప్పుడో పడ్డది సార్. గిది ఒట్టి ముచ్చట."

మూర్తిగారు చీటీలు విప్పారు. చాలా బాగుంది. చాలా బాగుంది. మళ్లీ అదే. ఒక చీటీ తెల్లగా ఉంది.

"ఈ ఖాళీది ఎవరిది?"

"నాది సార్."

"నీ మోడల్‌కి నువ్వే ఓటెయ్యవా? సర్పంచికి నిలబడ్డవాళ్లు కూడా ఇంత మొహమాటపడరమ్మా!"

అందరూ నవ్వారు. మానస కాగితం వంకే చూస్తోంది. రెండు గీతలు ఒకే దుప్పటి కింద పడుకున్నట్టున్నాయి.

"సార్, తీగ పైతొడుగు పంపు డబ్బాకు అతికే చోట, ఆ అతుకు ఎంత మంచిగుందో చెప్పే అంకె ఒకటి మోడల్‌ల ఉంటది. దాన్ని మనం ఎవ్వరం కొలవలే. గీతలు కలిసేదాంక దాన్ని మార్చుకుంట పోయిన. కలిసినంక, మళ్ల అదే గీతను చూపిచ్చి మోడల్ సరైందంటున్న."

"అందరూ చేసేదే కదమ్మా."

"చేస్తరు సార్. కానీ అది జవాబు చూసి రాసిన పరీక్ష. నా అంకె ఇంకెక్కడి తప్పునో మోస్తుండొచ్చు."

నవ్వులు ఆగిపోయాయి. ఆ గదిలో ఉన్న అందరికీ ఒకే సంగతి గుర్తొచ్చింది. పోయినేడు పాత తీగ దొరక్క, కొన్ని పంపులకు పొడుగు తీగ వేశారు. మోడల్ ఫరవాలేదంది. ఆ మోడల్ లోపలా ఇదే అంకె. మోడల్ అంది కదా అని వాటిని రాగి పళ్ల గదిలోకి తీసుకెళ్లకుండానే పంపేశారు. ఇప్పుడవి జిల్లాల్లో పసిపిల్లల వార్డుల్లో ఉన్నాయి.

"పొడుగు తీగ పంపు ఒకటి స్టోర్‌ల ఉంది సార్," అంది మానస. "మోడల్ ఏమంటదో ముందుగాల అందరికీ మెయిల్ పెడత. ఇగ అంకె ముట్ట. తర్వాత కొలుద్దాం."

మూర్తిగారు కళ్లజోడు తీశారు. జోడు లేని ఆయన ముఖం ఉన్నట్టుండి ముసలిదైంది. "పంపు ఆగిందనుకో, ఆస్పత్రులకి మనమే చెప్పుకోవాలి. ఆ తర్వాత మన పంపు ఎవరు కొంటారు? ఇక్కడున్నవాళ్లంతా ఎక్కడికి పోతారు? తెలిసే అడుగుతున్నావా?"

"తెలిసే సార్."

ఆ సాయంత్రం ఉప్పల్ చౌరస్తాలో బస్సు కదల్లేదు. పైన మెట్రో వంతెన, కింద జనం, ప్రతి చేతిలో ఒక ఫోన్. కంటికి కనిపించని దీపాలు పట్టుకుని ఊరంతా ఎక్కడికో జాతర వెళ్తున్నట్టు అనిపించింది మానసకు. పక్క సీట్లో పాప ఫోన్ చూస్తూ నవ్వుతోంది. ఆ నవ్వు చూడలేక కిటికీ వైపు తిరిగింది.

మర్నాడు పొద్దున్నే మెయిల్ పెట్టింది. పంపు ఎక్కడా ఆగదు అన్నది మోడల్ మాట. మధ్యాహ్నం మహిపాల్ తలుపు వేశాడు. లోపలి కెమెరాలో పంపు, దాని పచ్చదీపం, కదిలీ కదలనట్టు ముందుకు జరుగుతున్న సిరంజి, పక్కన చిన్న గడియారం కనిపిస్తున్నాయి. తరంగం మెట్టు మెట్టుగా పైకి వెళ్తోంది. మూర్తిగారు వెనక నిలబడి ఏదో స్తోత్రం గొణుక్కుంటున్నారు.

"మేడం, కెమెరా ఆగిపోయిందా ఏంది? బొమ్మ కదుల్తలేదు," అన్నాడు మహిపాల్.

మానస గడియారం చూసింది. ముల్లు తిరుగుతోంది. సిరంజి మాత్రం కదలడం లేదు. పచ్చదీపం వెలుగుతూనే ఉంది. అలారం మోగలేదు.

మహిపాల్ తరంగం ఆపాడు. పంపు కదిలింది. మళ్లీ పెట్టాడు. ఆగింది. ఏమీ జరగనట్టు పచ్చగా నవ్వుతూ ఆగింది.

"మళ్లొక్కసారి చూద్దామా?" అన్నాడు. అతని గొంతులో వేళాకోళం లేదు.

"వద్దన్నా. చాలు."

మూర్తిగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఒక్క చోటే కదమ్మా ఆగింది. వార్డులో అంత బలమైన తరంగం ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"పంపు మీద ఫోన్ పెడితే వస్తది సార్."

"పంపు మీద ఫోన్ ఎవరు పెడతారు?"

"నేను పెట్టిన."

మానస కూతురు స్నిగ్ధ నెలలు నిండకుండా పుట్టింది. మానస ఈ కంపెనీలో చేరకముందు మాట. గాజుపెట్టెలో బిడ్డ, పక్కనే స్టాండుకు పంపు. ఫోన్ పెట్టుకోవడానికి ఇంకో చోటు లేదు. అక్కడున్న తల్లులంతా అక్కడే పెట్టేవాళ్లు. నర్సులూ ఏమీ అనలేదు. బిడ్డ ఊపిరి చూస్తూ కూర్చున్న వాళ్లకు పంపు ఒక చదునైన చోటు, అంతే.

ఇదంతా విని మూర్తిగారు కుర్చీలోంచి లేచారు. తర్వాత తన ఫోన్ తీసి యజమానికి ఆయనే చెప్పారు. అవతలి గొంతు పెరుగుతున్నా మధ్యలో పెట్టెయ్యలేదు.

పంపులు వెనక్కి రావడం మొదలైంది. చేతికొచ్చిన పెద్ద ఆర్డర్ పోయింది. రోజూ కలిసి టిఫిన్ డబ్బాలు విప్పే స్నేహితురాళ్లు ఇప్పుడు మానస వస్తే మాట మారుస్తారు. మూర్తిగారు మాత్రం పలకరిస్తారు, ఆమె కళ్లలోకి చూడరు. మానస కొత్త మోడల్ కడుతోంది. మధ్యమధ్యలో ఆస్పత్రులకు ఫోన్లు చేస్తోంది. పంపులు పంపిన చోట ఉండవు. వార్డు మారతాయి, ఒక్కోసారి ఊరే మారతాయి. ఎక్కడా ఏ ఫిర్యాదూ లేదు. ఆమెకు నిద్ర పట్టనివ్వనిది అదే. ఆగిన పంపు తనంతట తనే మళ్లీ కదులుతుంది. ఆగిందని చెప్పడానికి ఎవరూ ఉండరు.

ఈ కథ రాయడానికి వచ్చిన మనిషికి రింగ్ రోడ్డు పక్క చాయ్ హోటల్లో ఆమె ఇదంతా చెప్పింది. ఎవరికైనా ఏమైనా అయి ఉంటుందా అని అడిగినప్పుడు గ్లాసు పక్కకు జరిపింది. అంతలో బల్ల మీద ఫోన్ మోగింది. నంబరు చూసి లేచింది.

"జర ఉండన్నా, ములుగు ఆస్పత్రి నుంచి. అక్కడి పంపు ఇంకా దొరకలే."