సెల్ఫ్ తిరుగుతోంది, బండి లేవడం లేదు

నందిగామలో హైవే దిగి ఊళ్లోకి వచ్చే రోడ్డు పక్కన మా కార్ల షెడ్డు. కరోనా సద్దుమణిగి బళ్లు మళ్లీ రోడ్డెక్కిన ఏడాది, మా ఆయన సంవత్సరీకం అయిన మర్నాటి నుంచీ నేను ఒక్కదాన్నే ఆ పనికి వెళ్లడం మొదలుపెట్టా. అంతకు ముందు ఆయన పక్కన నిలబడి చేసేదాన్ని. పెళ్లయిన కొత్తలో స్పానర్లు అందివ్వడంతో మొదలై, ఇంజిన్ దించి ఎక్కించేదాకా వచ్చింది నా చెయ్యి. చదువు లేదు. సంతకం పెడతా, బస్సు బోర్డు చదువుతా. ఇది నేను చెబుతుంటే మా అక్క కూతురు రాస్తోంది.

షెడ్డులో రెండో వాటా మా మరిది శీనుది. అన్న పోయాక మెకానిక్ వాడే. ఈ పనిలో అంతస్తులు తెలియని వాళ్ల కోసం చెబుతున్నా. మెకానిక్ అంటే బానెట్ ఎత్తి రోగం చెప్పేవాడు, బండాయనతో మాట్లాడేవాడు. హెల్పరు అంటే విప్పేవాడు, కడిగేవాడు, బిగించేవాడు. మా ఆయన ఉన్నప్పుడు ఆయన తర్వాత మెకానిక్‌ని నేను. ఆయన పోయాక హెల్పర్ని అయ్యా. ఎవరూ అవమని చెప్పలేదు. అయిపోయా, అంతే.

శీను ఒక్కటే అడిగాడు. "వదినా, నువ్వు బోణీ అయ్యాక రా." పొద్దున మొదటి బండి షెడ్డులోకి వచ్చేటప్పుడు మొగుడు పోయిన ఆడది ఎదురుగా ఉంటే గిరాకీ వెనక్కి పోతుందట. వాడి మాట కాదట, బండి వాళ్లు అనుకుంటారట. సరేనన్నా. ఎదురుగా టీ బడ్డీ దగ్గర కూర్చుని, ఏదో ఒక బండి లోపలికి వెళ్లడం చూసి అప్పుడు లేచి వెళ్లేదాన్ని. ఆ ఒప్పందం మీదే నాకు ఆ షెడ్డులో చోటు. అది తప్పితే చోటు లేదు. మా ఆయనా నేనూ రేకు రేకు కొని వేసుకున్న షెడ్డు అది.

ఆ రోజు నేను టీ తాగుతుంటే కారొకటి తోసుకుంటూ వచ్చారు. లోపలికి వెళ్లింది. బోణీ అయిందనుకుని లేచి వెళ్లా. వాళ్లది జగ్గయ్యపేట, హోల్‌సేల్ కొట్టు షావుకారు గారి కుటుంబం. విజయవాడలో ఆయన కూతురి నిశ్చితార్థం, ముహూర్తం పెట్టుకుని బయల్దేరారు. పిల్లా మిగతావాళ్లూ ముందు బండిలో వెళ్లిపోయారు. ఈ కార్లో షావుకారు, ఆయన తల్లి, ఆయన బావమరిది. కొత్త కారు, పెట్రోలుది. నందిగామ దాకా ఝామ్మని వచ్చింది. ఇక్కడ ఆగారు, మళ్లీ ఎక్కితే లేవడం లేదు.

పెద్దావిడ కుర్చీలో కూర్చుంది. నేను లోపలికి రాగానే నా మొహం చూడలేదు, నుదురు చూసింది. "ఇందాక మనకి పంతులు గారి సందులో ఎదురొచ్చింది ఈవిడే కదూ?" అంది కొడుకుతో. నిజమే, టీ బడ్డీకి ఆ సందులోంచే వెళ్తా. షావుకారు "అమ్మా, నువ్వూరుకో" అన్నాడు. ఊరుకోవడం ఆవిడకి అలవాటు లేదు.

నేను వెనక్కి వెళ్లి కిరసనాయిల్లో సామాను కడగడానికి కూర్చున్నా. చేతులు కడుగుతున్నాయి, చెవులు ఇటే ఉన్నాయి.

శీను సెల్ఫ్ కొట్టాడు. సెల్ఫ్ అంటే తాళం తిప్పగానే ఇంజిన్ని తిప్పే మోటారు. అది బాగా తిరుగుతోంది, ఒకే వేగంతో, బలంగా. ఇంజిన్ మాత్రం అందుకోవడం లేదు. ఈ మోతల తేడా తెలియాలి. సెల్ఫ్ మూలుగుతూ తిరిగితే బ్యాటరీ పోయింది. టక్కుమని ఊరుకుంటే సెల్ఫే పోయింది. బాగా తిరిగీ లేవడం లేదంటే, బ్యాటరీ జోలికి పోనక్కర్లేదు. పెట్రోలు రావడం లేదు, లేదా నిప్పు రావడం లేదు, లేదా ఇంజిన్ లోపలే ఏదో తెగింది.

శీను బ్యాటరీ జోలికే పోయాడు. వేరే బండి బ్యాటరీ తెచ్చి తగిలించాడు. అదే మోత. బావమరిది పళ్లికిలిస్తున్నాడు. "ఎంత పెట్టి కొన్నావు బావా దీన్ని? నా మోపెడ్ నయం, తన్నితే లేస్తుంది."

"నిన్ను తంతే లేస్తావేమో చూస్తా" అన్నాడు షావుకారు. ఆయన మొహాన చెమట. ఫోనులో వియ్యాల వారు ఎక్కడిదాకా వచ్చారని అడుగుతున్నారు, ఈయన ఇంకా ముందున్న కీసర దాటామని చెబుతున్నాడు.

"శీనూ, తాళం ఒక మెట్టు తిప్పి ఆపు, వెనక సీటు కింద పంపు మోగుతుందేమో విను" అన్నా నేను కూర్చున్న చోటి నుంచే. పెట్రోలు ట్యాంకులో చిన్న పంపుంటుంది, తాళం తిప్పగానే జుయ్యిమని కాసేపు మోగి ఆగుతుంది. వాడు "నువ్వుండు వదినా" అన్నాడు గానీ తిప్పాడు. మోగింది. నాకిక్కడికి వినపడింది. అంటే పంపు బాగుంది.

తర్వాత ఇంజిన్లో నిప్పు పుట్టించే ప్లగ్గు విప్పాడు. అన్ని సార్లు సెల్ఫ్ కొట్టాక ప్లగ్గు పెట్రోలుతో తడిసి వాసన రావాలి. పొడిగా ఉంది. ప్లగ్గుని దానికి కరెంటిచ్చే కాయిలుకు తగిలించి ఇంజిన్ ఇనుముకి ఆనించి సెల్ఫ్ కొట్టించాడు, నిప్పు లేదు. అక్కడ వాడి తెలివి ఆగిపోయింది. కాయిలు పోయిందంటాడు, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు పోయాయంటాడు, విజయవాడ నుంచి సామాను తేవాలంటాడు.

నాకు అర్థమైంది అప్పుడే. పెట్రోలు పోయే కారణం వేరు, నిప్పు పోయే కారణం వేరు. రెండూ ఒకేసారి పోవు. రెండూ ఒకేసారి ఆగాయంటే, రెంటినీ ఎవరో ఆపుతున్నారు. ఆపేది కారు కంప్యూటరు. అది ఆపితే, ఇంజిన్ తిరుగుతున్న సంగతి దానికి చెప్పే సెన్సరు చెడిపోయి ఉండాలి, లేదా తాళం చెవిని అది గుర్తుపట్టకపోయి ఉండాలి.

ఇప్పటి కార్ల తాళం చెవి తలలో బియ్యపు గింజ కన్నా కాస్త పెద్ద చిప్పు ఉంటుంది. తాళం పెట్టే చోట చుట్టూ తీగ చుట్ట ఉంటుంది. చుట్ట అడుగుతుంది, చిప్పు జవాబిస్తుంది. జవాబు అందితేనే కంప్యూటరు పెట్రోలూ నిప్పూ వదులుతుంది. అందకపోతే కొన్ని కార్లు సెల్ఫే తిరగనివ్వవు, కొన్ని సెల్ఫ్ వరకూ తిరగనిస్తాయి. మా ఆయన ఉండగా ఒకాయన బజార్లో చిప్పు లేని దొంగ తాళం చేయించుకుని వచ్చి మమ్మల్ని రోజంతా ఏడిపించాడు. అప్పుడు నేర్చుకున్నా.

లేచి, చేతులు తుడుచుకుని, దూరంగా నిలబడే అడిగా. "అయ్యా, ఇక్కడ ఆగినప్పుడు కారుకి ఏం చేశారండి?"

"ఏమీ చేయలేదమ్మా."

"తాళం మార్చారా?"

"అదే తాళం."

"పంతులు గారింటికి ఎందుకు వెళ్లారండి?"

"కొత్త బండి కదా, దణ్ణం పెట్టుకోడానికి." అంతకు మించి చెప్పలేదు. దాచడం కాదు. అది కారుకి చేసిన పని అని ఆయన బుర్రకి తట్టలేదు.

కారు కిటికీలోంచి తొంగి చూసా. డాష్‌బోర్డు మీద తాళం బొమ్మ దీపం ఎర్రగా కొట్టుకుంటోంది. కింద తాళం వేలాడుతోంది. దాని తల కనపడదు. రాగిరేకు మీద ఏవో గీతలు గీసి, తలకి గట్టిగా మడత పెట్టి చుట్టి, పైన పసుపు దారం కట్టారు. పంతులు గారి రక్ష. చిప్పు చెప్పే జవాబు ఆ రాగిలో నుంచి బయటికి రావడం లేదు.

"ఆ రేకు తీసి తిప్పండి, లేస్తుంది" అన్నా.

పెద్దావిడ కుర్చీలోంచి లేచింది. "శుభకార్యానికి పోతుంటే రక్ష తీయమంటావా? నీ నోటితో? నువ్వు ఎదురొచ్చే కదే ఇంత జరిగింది!"

"నేను ఎదురొచ్చినప్పుడు మీ కారు నడుస్తూనే ఉందండి, ఆ రేకు చుట్టాకే ఆగింది" అన్నా. అనకూడదట. శీను నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ముహూర్తం దగ్గర పడుతోంది. షావుకారు తల్లి మాట వినలేదు. దారం ఆయనే కోశాడు, నన్ను ముట్టుకోనివ్వలేదు. రేకు విప్పి కళ్లకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు. తాళం శీను చేతికిచ్చాడు. శీను తిప్పాడు. సగం చుట్టు కూడా తిరగలేదు, లేచింది.

"నీ చెయ్యి మంచిదయ్యా" అన్నాడు షావుకారు, శీనుతో. వాడు నవ్వాడు. కాదు, మా వదిన చెప్పింది అనలేదు. పెద్దావిడ కారెక్కుతూ నా వైపు తిరిగి, "తీయించింది, చూడు" అని మాత్రం అంది.

కొన్నాళ్లకి బావమరిది ఒక్కడే సర్వీసుకని కారు తెచ్చాడు. ఆ సంబంధం చెడిందట. పెళ్లికొడుకు వేరే ఎవర్నో చేసుకున్నాడట. "మా అత్త నీ పేరు తలవని రోజు లేదమ్మాయ్" అన్నాడు నవ్వుతూ, టీ తాగుతూ. వాడికి తమాషా.

ఆవిడ తలుచుకుంటే జగ్గయ్యపేట కొట్లన్నిటికీ తెలుస్తుంది. తెలిసింది. అటు నుంచి వచ్చే కార్లు తగ్గాయి. ఓ పొద్దున శీను టీ బడ్డీ దగ్గరికే వచ్చాడు, లోపలికి రానివ్వకుండా.

"వదినా, నీ తప్పని నేననట్లా. జనం అంటున్నారు."

"తాళం తిప్పింది నువ్వేగా శీనూ. రేకు తీశాకే లేచిందిగా."

"తెలుసు వదినా. నాకు తెలిస్తే ఏం లాభం?"

అదీ వాడి జవాబు. మూఢుడైతే సరిపెట్టుకునేదాన్ని. వాడు నమ్మలేదు. నమ్మకుండానే పంపాడు. టీ గ్లాసు పెట్టేసి, మా ఆయన స్పానర్ల పెట్టె అడిగి తెచ్చుకున్నా. తర్వాత చిల్లకల్లు దగ్గర లారీల షెడ్డులో, రేకుల వెనకాల, ఎవరికీ కనపడని చోట ఇంజిన్లు కడిగా, మణికట్టు తిరిగినన్నాళ్లూ. మెకానిక్ పని మళ్లీ చేయలేదు.

ఈ పని నేర్చుకునే వాళ్లకి నేను చెప్పేది ఇదే. సెల్ఫ్ తిరిగి బండి లేవకపోతే, చివరిసారి నడిచినప్పటికీ ఇప్పటికీ మధ్య ఏం మారిందో అడగండి. ఏమీ మారలేదంటారు. మనుషులు మంచిదనుకుని చేసినదాన్ని లెక్కలోకి తీసుకోరు, అందుకని మీరే దాన్ని ముందు వెతకండి. దొరికితే తీయించండి, బండి లేస్తుంది. తీయమని చెప్పే నోరు మాత్రం మీది కాకుండా చూసుకోండి.