క్యారెట్ వేసిన జెల్లీ

ఆ శనివారం సాయంత్రం రాఘవమ్మ మిషన్ బంగళాకు వచ్చి, వసారాలో కూర్చుని, పెట్టింది తిని సరేనంటే ఊరికి ఎడంగా ఉన్న పాలేనికి నీళ్లొస్తాయి. లేదంటే రావు. ఉదయగిరిలో ఆ సంగతి తెలియనివాళ్లు లేరు. కొండవారగా మిషన్ వాళ్లు వేయించిన బోరులో నీళ్లు పడి నాలుగు నెలలైంది. పైపులు వచ్చి మిషన్ గుడి పక్కన పడి ఉన్నాయి. కానీ పైపు పాలెం చేరాలంటే రాఘవమ్మవి రెండు చేలు దాటాలి, ఆమె ఔననలేదు, కాదననూ లేదు. పాలెం ఆడవాళ్లు మాత్రం బిందెలు తీసుకుని ఆమె మోటారు షెడ్డు దగ్గరే నిలబడుతున్నారు. జీతగాడు శీనయ్య పైనుంచి పోస్తే పట్టుకోవాలి, పోయకపోతే తిరిగి రావాలి. ఆ వరసలో లిదియమ్మ బిందె కూడా ఉండేది.

లిదియమ్మ మిషన్ బంగళా వంటమనిషి. ఆత్మకూరులో పుట్టింది. తండ్రి తోలుపని చేసేవాడు. యేసురత్నాన్ని పెళ్లి చేసుకుని ఉదయగిరి వచ్చి, పద్దెనిమిదేళ్లుగా ఆ వంటింట్లోనే ఉంది. ఇంగ్లీషు చదవడం రాదు. రాకపోతే ఏం మునిగింది? అట్టపెట్టె మీద బొమ్మ చూసేది, మూత తీసి వాసన పీల్చేది, చిటికెడు నాలుక మీద వేసుకునేది. నీళ్లు పోయాలో పాలు పోయాలో ఆమెకు తేలిపోయేది. చదువుకున్నవాళ్లు మాడబెట్టిన కేకులు ఆమె చాలానే చూసింది.

ఆ ఏడు, అంటే తొంభై మూడులో, అమెరికా నుంచి డోరతీ దొరసాని ఎనిమిది నెలలు ఉండడానికి వచ్చింది. రెండు ఇనప్పెట్టెల నిండా తిండి తెచ్చుకుంది. వేడినీళ్లు పోస్తే ముద్దయ్యే ఉర్లగడ్డ పొడి, అట్ల పొడి, కేకు పొడి, నారింజరంగు జున్నుపొడి కలుపుకునే మాకరోనీ, ఎర్రవీ పచ్చవీ జెల్లీ పొట్లాలు. అంత పెద్ద దేశంలో ఆడవాళ్లకు ఉర్లగడ్డ ఉడకేసుకునే తీరిక కూడా లేదా అని లిదియమ్మ జాలిపడింది.

ఆత్మకూరు ఆసుపత్రిలో ఇరవై ఏళ్లుగా ఉన్న ఇంగ్లండు నర్సమ్మ ఈడిత్ ప్రతి గురువారం బంగళాకు భోజనానికి వచ్చేది. ఇద్దరూ తెల్లవాళ్లే, ఇద్దరిదీ ఇంగ్లీషే, మధ్యలో ఒక్క సముద్రం. కానీ ఒకరు తినేది ఇంకొకరికి గొంతు దిగదు. ఈడిత్‌కు టీ పొగలు కక్కుతూ పాలతో ఉండాలి, డోరతీకి అదే టీలో ఐసుముక్కలు వేసి నిమ్మకాయ పిండాలి. డబ్బాలో బీన్సు వేడిచేసి రొట్టె మీద పోసుకుని పొద్దున్నే తినే ఈడిత్‌ను చూసి డోరతీ కళ్లు పెద్దవి చేసేది. డోరతీ అట్ల మీద తియ్యటి పాకం పోసి, దాని పక్కనే ఉప్పుమాంసం పెట్టుకుంటే ఈడిత్ మొహం తిప్పుకునేది. లిదియమ్మకు ఇదంతా మంచి వినోదంగా ఉండేది.

ఆ శనివారానికి ముందు గురువారం డోరతీ ఎర్ర జెల్లీలో క్యారెట్ తురుము, క్యాబేజీ తరుగు కలిపించి, అన్నంలోకి కూర పెట్టినట్టు పళ్లెంలో మాంసం పక్కన పెట్టింది. వాళ్ల ఊళ్లో గుడి భోజనాలకు అందరూ చేసే కూరగాయల వంటకమట అది. ఈడిత్ చెంచా కూడా ముట్టలేదు.

“మా దేశంలో ఇది తీపి, లిదియమ్మా,” అంది తెలుగులో. “చివర్లో తినేది. క్యాబేజీ ఎవరేస్తారు దీంట్లో? మా అమ్మమ్మ కాలంలో పొడి కూడా లేదు. దూడకాళ్లు రోజంతా ఉడకేసి జెల్లీ చేసేది ఆమె.”

“మా కాళ్ల పులుసు తెల్లారికి గడ్డకట్టినట్టా అమ్మా?”

“సరిగ్గా అట్లాగే.”

లిదియమ్మ నవ్వింది. అది ఎప్పటి అమ్మమ్మ మాటో. ఈ పొట్లం మీద స్ట్రాబెర్రీ పండ్ల బొమ్మ ఉంది కదా.

రాఘవమ్మ వస్తానని కబురు పంపింది ఆ మర్నాడే. కబురుతోపాటు రెండు షరతులు శీనయ్య నోటే వచ్చాయి. మొదటిది, ఆమె నీచు ముట్టదు. మనవడు నవీన్‌కు మెదడువాపు వచ్చి చావుదాకా వెళ్లి బతికినప్పుడు పెంచలకోన నరసింహస్వామికి మొక్కుకుంది, ఏడాదిపాటు మాంసం, చేప, గుడ్డు ఏదీ నోట పెట్టనని. ఇంకా రెండు నెలలు మిగిలి ఉంది. రెండోది, పాలెం వాళ్ల చెయ్యి తగిలింది ఆమె తినదు. దొరసాని దేశం నుంచి పెట్టెలో వచ్చింది అయితే, దొరసానే కలిపి పెడితే, అభ్యంతరం లేదు. పెట్టెలో తిండికి అంటు లేదని ఆమెకు ఎవరు చెప్పారో మరి.

“నేనే చేస్తా, నేనే,” అని డోరతీ శీనయ్యకు మాట ఇచ్చేసింది. కేకులో గుడ్డు ఉంది కాబట్టి వద్దు. కూరగాయలు నిండా ఉన్నది జెల్లీ ఒక్కటే కదా, అదే పెడదామంది. తీరా చూస్తే ఆమెకు పంపుస్టవ్ వెలిగించడం రాదు, క్యారెట్ తురిమితే వేలు తెగింది. శనివారం పొద్దున లిదియమ్మే తురిమింది, లిదియమ్మే కలిపింది. దొరసాని పక్కన నిలబడి గరిట ఒకసారి తిప్పి, నేనే చేశానని నిజంగానే నమ్మింది.

అప్పుడే కరెంటు పోయి ఫ్రిజ్ ఆగింది. పదకొండు గంటలకు కూడా జెల్లీ ఎర్రనీళ్లలాగే ఉంది, క్యారెట్ తేలుతోంది. డోరతీ పెట్టె అడుగునుంచి రెండు చిన్న తెల్ల పొట్లాలు తెచ్చి, ఇవి కలుపు గట్టిపడుతుందని చెప్పి, చీర కట్టుకోవడానికి లోపలికి పోయింది.

ఈ పొట్లాల్లో రంగు లేదు, తీపి లేదు, పండు వాసన లేదు. లిదియమ్మ వేడినీళ్లలో పోసి తిప్పింది. ఆవిరి మొహానికి తగిలింది.

ఆ వాసన ఆమెకు తెలుసు. ఆత్మకూరులో ఇంటి వెనక తండ్రి తోలు ముక్కలు, గిట్టలు కుండలో వేసి పొద్దస్తమానం ఉడకేసి సరేసు, అంటే చెక్కలు అతికించే జిగురు, కాసేవాడు. వడ్రంగులు వచ్చి కొనుక్కుపోయేవారు. ఇక్కడ వాసన పలచగా ఉంది, శుభ్రంగా ఉంది, అయినా అదే. వేళ్ల మధ్య ఒక చుక్క రుద్ది చూసింది. వేళ్లు అంటుకున్నాయి. ఎర్ర పొట్లం తీసి మళ్లీ వాసన చూసింది. పంచదార కిందా పండు కిందా దాక్కుని అక్కడా అదే ఉంది. గురువారం విన్న దూడకాళ్లు అప్పుడు గుర్తొచ్చాయి.

అడుగుదామంటే ఈడిత్ ఆత్మకూరులో ఉంది. లిదియమ్మ పరుగున దొరసాని గది దగ్గరకు పోయింది.

“అమ్మా, ఆ జెల్లీ వద్దు. అది నీచు. తోళ్లతో, ఎముకలతో చేసింది.”

డోరతీ నవ్వింది. “నో మాంసం, లిదియమ్మా. క్యారెట్. క్యాబేజీ. మా ఊళ్లో మాంసం తినని వాళ్లు కూడా ఇది తింటారు.”

“ఆమెకు మొక్కు ఉండాదమ్మా.”

“నువ్వు భయపడొద్దు. ప్రార్థన చేసుకో.”

అమెరికాలో దాన్ని మాంసం అనరు, సరే. అక్కడ అననంత మాత్రాన ఆవు ఆవు కాకుండా పోతుందా? లిదియమ్మకు ఇంగ్లీషులో ఆ మాట అడగడం రాలేదు. కరెంటు వచ్చింది. దొరసాని ఆ తెల్ల పొడి నీళ్లు జెల్లీలో పోసి, స్వయంగా గిన్నె తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెట్టింది.

నాలుగు గంటలకు రాఘవమ్మ వచ్చింది. సొంత చెంబుతో నీళ్లు తెచ్చుకుంది. వసారా కుర్చీలో నిటారుగా కూర్చుంది, శీనయ్య వెనక నిలబడ్డాడు. మెట్ల కింద యేసురత్నం, మరో నలుగురు సంఘ పెద్దలు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. గోడ అవతల పాలెం ఆడవాళ్లు ఉన్నారని లిదియమ్మకు గాజుల చప్పుడే చెప్పింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే. నోరు విప్పితే నీళ్లు పోతాయి. విప్పకపోతే ఒక మనిషి పసిబిడ్డ ప్రాణం కోసం పెట్టుకున్న మొక్కు ఆమె చేతుల మీదుగా చెడిపోతుంది. ఆ దేవుడు లిదియమ్మ దేవుడు కాడు. కానీ తన కూతురు రూబీకి టైఫాయిడ్ వచ్చినప్పుడు నలభై రోజులు ఒంటిపూట ఉంది ఆమె. మాట ఇచ్చి బిడ్డను అడుక్కోవడం ఎట్లా ఉంటుందో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు.

గాజు గిన్నెలో ఎర్రగా, వణుకుతూ జెల్లీ వచ్చింది.

“ఏంది ఇది, కదలతా ఉండాది?” అంది రాఘవమ్మ.

“కూరగాయలు,” అంది డోరతీ సంతోషంగా. “నేను చేసినా.”

రాఘవమ్మ చెంచాతో కొంచెం తీసుకుంది. లిదియమ్మ గుమ్మంలోనుంచి భర్త వైపు చూసింది. ఆమె మొహం చూసే అతనికి ఏదో అర్థమైంది. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

“అమ్మా, ఆ చెంచా కింద పెట్టండి,” అంది లిదియమ్మ.

చెంచా పెదాల దగ్గరే ఆగింది.

“అది నీచమ్మా. తోలూ ఎముకలూ ఉడకేసి ఆ పొడి చేస్తారు. దొరసానికి తెలీదు, ఆమె తప్పేం లేదు.”

“ఆమెకు తెలీంది నీకెట్ట తెలుసు?”

అక్కడ అబద్ధం చెప్పి తప్పుకునే దారి ఒకటి ఉంది. దొరసాని కలుపుతుంటే కిటికీలోనుంచి వాసన వచ్చిందనొచ్చు, ఈడిత్ నర్సమ్మ చెప్పిందనొచ్చు. కానీ అట్లా అంటే రాఘవమ్మ నమ్మదు, నమ్మకపోతే తింటుంది.

“నేనే కలిపినానమ్మా. మా నాయన సరేసు కాసేవాడు. కలపతా ఉంటే అదే వాసన వచ్చింది.”

రాఘవమ్మ చెంచా గిన్నెలో వేసింది. లేచి, చెంబులో నీళ్లతో రెండు చేతులూ మోచేతుల దాకా కడుక్కుంది. ఎవరి వైపూ చూడకుండా మెట్లు దిగిపోయింది. డోరతీ ఏమైందో అర్థంకాక అందరి మొహాలూ చూసి ఏడ్చింది.

“నీ నోటికి తాళం లేదే,” అన్నాడు యేసురత్నం ఇంటికొచ్చాక. ఆ తర్వాత ఆరు రోజులు భార్యతో మాట్లాడలేదు. పాలెంలో మాత్రం మాట అననివాళ్లు లేరు. ఆ ముసలామె తింటే నీ సొమ్మేం పోయేదని ఒకరు, వాళ్ల దేవుడి మీద నీకెందుకంత భక్తని ఇంకొకరు. గుళ్లో ఆమె పక్క చాప ఖాళీగా ఉంది. తాను చేసింది సరైన పనేనన్న నమ్మకం కూడా లిదియమ్మకు పోయింది. మోటారు షెడ్డు దగ్గర వరసలో అందరికన్నా వెనక నిలబడేది.

ఏడో రోజు అక్కడికి రాఘవమ్మే వచ్చింది. శీనయ్యను పక్కకు పొమ్మంది. బిందెలతో ఉన్న ఆడవాళ్లనూ దూరం పొమ్మని, లిదియమ్మను ఒక్కదాన్నే ఉండమంది.

“నా మొక్కు నిలబెట్టినావు,” అంది. “చేలో పైపుకు కాలవ తవ్వుకోమని మీ వాళ్లకు చెప్పు. గట్టు వారగా పోవాల, పైరు తొక్కొద్దు.”

లిదియమ్మ బిందె కింద పెట్టింది. “అట్నే అమ్మా,” అంది.

“ఇంకొక మాట. నీచు సంగతి ఊరంతా చెప్పుకో, నాకేం లేదు. నువ్వు కలిపినావన్న సంగతి మాత్రం ఎవురూ అనకూడదు. నేను ఆ చెంచా నోటిదాకా తెచ్చుకున్నాను. మా ఇండ్లల్లో తెలిస్తే నా మొహం ఎట్ట చూపించేది? శీనయ్యకు చెప్పినాను. మీ వాళ్ల నోళ్లు నువ్వు చూసుకో.”

లిదియమ్మ ఆమె మొహంలోకి చూసింది. ఎద్దేవా లేదు, కోపం లేదు. బిడ్డను కాపాడిన మనిషితో మాట్లాడినంత ఆప్యాయంగానే మాట్లాడుతోంది ఆమె. అదే లిదియమ్మను ఎక్కువ కాల్చింది. ఆవు తోలు నోటికి రాబోయింది, సరే, తప్పిపోయింది. తన చేతి అంటు మాత్రం ఆమెకు ఇంకా పోలేదు.

ఆ చెయ్యే కదా మీ మొక్కు నిలబెట్టింది అనబోయింది. దూరంగా బిందెలు పట్టుకుని నిలబడ్డవాళ్లు కనిపించారు.

“అనరులేమ్మా,” అంది లిదియమ్మ.

పదిహేను రోజుల్లో పాలెం కొళాయిలో నీళ్లు పారాయి. గుళ్లో డోరతీ దొరసాని పేరు చెప్పి, రాఘవమ్మ పేరు చెప్పి స్తోత్రాలు చేశారు. లిదియమ్మ తన బిందె నింపుకుని ఇంటికి తెచ్చి, ఒక లోటా ముంచుకుని తాగింది. నీళ్లు బాగున్నాయి. కోపం మాత్రం తగ్గలేదు.