ఎర్రప్ప కంప

విడపనకల్లు దగ్గర ఆ ఊళ్ళో సర్కారు తుమ్మ అంటే ఎవరికీ తెలియదు. ఎర్రప్ప కంప అనాలి. చెట్టుకు మనిషి పేరు పెట్టడం గౌరవమని ఎవరైనా అనుకుంటే, ముల్లు దిగినప్పుడు ఆ ఊరి తిట్లు వాళ్ళు విననట్టే.

ఎర్రప్పకు డెబ్బై దాటాయి. వయసులో ఉండగా తన చేని గట్టు మీద మూడేళ్ళు వరసగా వేపమొక్కలు నాటాడు. కడవలతో నీళ్ళు మోసి పోసినా ఒక్కటీ బతకలేదు. నాలుగో ఏడు కోపం పట్టలేక, రోడ్డు పక్కన రాలిన తుమ్మకాయలు ఏరుకొచ్చి గట్టు పొడుగునా చల్లాడు. "నువ్వన్నా సావొద్దే" అని గట్టిగా అరిచాడు కూడా.

అది చావలేదు. మేకలు కాయలు తిని పెంటికలతో ఊరంతా విత్తాయి. పక్క చేను హనుమక్కది. కంప తన గట్టు దాటిందని ఆమె మొత్తుకున్న రోజే ఎర్రప్ప గొడ్డలి పట్టాల్సింది.

"పచ్చగుండాది కదా హనుమక్కా, ఉండనీ" అన్నాడు.

ఇప్పుడామెకు చేను లేదు, కంపే ఉంది.

ఈ వేసవిలో ఊరివాళ్ళు జేసీబీని పిలిపించారు. దాన్ని నడిపే ప్రతాప్ విసుక్కున్నాడు. "ఏం రాక్షసి తాతా ఇది! పెరికే కొద్దీ మొలుస్తాది."

ఎర్రప్ప, పక్కనే నిలబడిన హనుమక్క ముఖం చూడలేకపోయాడు.

"దాన్నేమీ అనొద్దప్పా. సావొద్దన్నా, సావలేదు. యాడ ఆగాల్నో నేనే చెప్పలేదు."