మేకలు దాటే గడప

ఆ ఉదయం షాజియే కాఫీ కూడా తాగకుండా కొండెక్కింది. స్క్రాపర్ కొండమీది బెక్తాషీ సూఫీ దర్వేషుల మఠం ఇరవై ఏళ్లు దాటాక మళ్లీ తెరుస్తున్నారు. గడపకోసం తెప్పించిన పాలరాయి మఠం వాకిట్లో సిద్ధంగా ఉంది. పాత గడప ఎక్కడుందో మాత్రం ఊళ్లో ఆమె ఒక్కదానికే తెలుసు.

దేవుడి పేరెత్తితే జైలే అని కమ్యూనిస్టు సర్కారు అన్న ఏడాది, మఠాన్ని గోదాము చేస్తూ ఆ పాత గడపరాయిని పెళ్లగించి వాగులో పడేశారు. భక్తులు ముద్దాడి దాటవలసిన రాయి అది, కాలు మోపకూడదు. షాజియే దాన్ని గాడిదతో ఈడ్పించి, తాను కాసే సహకార సంఘం మేకల కొట్టానికి గడపగా వేసింది. అక్కడ ఎవరు వెతుకుతారు?

మరి మేకలకు మర్యాద నేర్పేదెవరు? దురదగొండి మండ పట్టుకుని తనే కొట్టం ముందు కూర్చుంది. గిట్ట తగిలితే మూతిమీద ఒక్కటి. ఏడాది తిరిగేసరికి మంద మొత్తం గాల్లో తేలుతూ బయటికొచ్చేది. తల్లుల్ని చూసి పిల్లలూ నేర్చుకున్నాయి. తనిఖీకొచ్చిన పార్టీ పెద్ద ఇవెందుకలా ఎగురుతున్నాయని అడిగితే, "పంచవర్ష ప్రణాళిక ఉత్సాహం, కామ్రేడ్," అంది. ఆయన మెచ్చుకుని వెళ్లాడు.

ఇప్పుడా సంగతంతా మఠం పెద్ద షెమ్షీ బాబాకు చెప్పేసింది. పాలరాయి తెచ్చిన మరిది రెఫాత్ పగలబడి నవ్వాడు.

"ఏం వదినా, పెంటికల రాయిని ముద్దాడమంటావా?"

"నీ పాలరాయిని ఇప్పటిదాకా ముద్దాడిందెవరు మరిదీ? లారీ డ్రైవరా?"

బాబా గడ్డం నిమురుకున్నాడు. "మేకలు తొక్కలేదంటావా, అమ్మా?"

"ఒక్కటీ తొక్కలేదు బాబా."

"అయితే చూద్దాం పదండి. తొక్కితే పాలరాయి, తొక్కకపోతే నీ రాయి."

ఊరంతా కొట్టం ముందు చేరింది. షాజియే తడిక తీసింది. పోతు ఎగిరింది. దాని వెనక మంద మొత్తం, ఒకదాని మీద ఒకటి పడ్డట్టు, ఎగిరింది. చివరికి మిగిలింది మొన్ననే పుట్టిన పిల్ల. అది రాయి దగ్గర ఆగి ఒక కాలెత్తింది. జనం మునివేళ్ల మీద లేచి చూశారు. పిల్ల ఎత్తిన కాలు వెనక్కి దించి, మెడ వంచి, రాయిని నాలుకతో ఒకసారి నాకి, టపీమని ఇవతలికి దూకింది.

"ముద్దు కూడా పెట్టిందర్రా," అన్నాడు బాబా, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుతూ. "మనకంటే పద్ధతిగా ఉంది."

మొదట కోటు విప్పి గునపం అందుకున్నది రెఫాతే. మధ్యాహ్నానికల్లా రాయి మఠం గుమ్మంలో కూర్చుంది.

"ముందు నువ్వు దాటమ్మా," అన్నాడు బాబా.

మోకాళ్ల నొప్పులు ఆ పూటకి ఎటు పోయాయో, షాజియే వంగి రాయిని ముద్దాడి ఒక్క అంగలో లోపలికి దాటేసింది.

"బాగా ఎగిరావు వదినా," అన్నాడు రెఫాత్ బయటినుంచి.

"వాగడం ఆపి, వంగు మరిదీ."