కట్టెకాయల చెట్టు కింద లచ్చి

స్టేషన్ ఘన్‌పూర్ పక్క తండాలో లచ్చి మల్లెతోట తెలియనివాళ్లు లేరు. కాపురానికొచ్చిన ఏడాదే భర్త జైసింగ్‌తో కలిసి వేసింది. ఏ మొగ్గ ఎప్పుడు విచ్చేదీ వాసన పట్టి చెప్పేది. అలాంటి మనిషికి కరోనా జ్వరంతో వాసన పోయింది. పూలు కోసేది, దండలు కట్టేది, బస్టాండు దగ్గర అమ్మేది. అవి మల్లెలో కాగితం ముక్కలో ముక్కుకు తెలిసేది కాదు. దవాఖానల చుట్టూ తిరిగి విసిగిపోయింది. ఏళ్లు గడిచాయి.

మొన్న ఎండలు ముదిరేముందు, గంగారం అడవి అంచున ఉన్న అక్క ఇంటికి వెళ్లింది. డిగ్రీలో చెట్ల చదువు చదువుతున్న అక్క కూతురు భాగ్యతో ఎండుకట్టెలకు పోయి, పొద్దు వాలుతుండగా మళ్లింది. దారిలో చటుక్కున మోపు దించేసింది.

"ఏమైంది చిన్నమ్మా?"

"జర ఆగు బిడ్డా. ఏందో వాసనొస్తాంది."

గాలికి ముఖం అప్పగించి అడుగులో అడుగేసుకుంటూ వెళ్లి ఓ మాను ముందు ఆగింది. అక్కడి తండావాళ్లు కట్టెకాయల చెట్టనేది దాన్నే. నిరుటి కాయలు చెక్కలా ఎండి, రెండుగా పగిలి కొమ్మలకు వేలాడుతున్నాయి. వాటి నడుమ గుత్తులు గుత్తులుగా చిన్నచిన్న పూలు.

"మల్లె వాసన లెక్కనే ఉన్నది! గింత మాను మీద మల్లె ఎట్ల పూస్తదే?"

భాగ్య రాలిన పువ్వొకటి తీసి గోటితో చీల్చింది. చిన్నమ్మ కొప్పులోంచి ఓ మల్లె తీసి దాన్నీ చీల్చింది.

"సూడు. దీంట్ల పుప్పొడి కాడలు రెండే. మల్లెల గూడ రెండే. రెండిటిదీ ఒక్కటే కుటుంబం చిన్నమ్మా. మన పారిజాతం, ఆలివ్ నూనె తీసే చెట్టు, చలిదేశాల యాష్ మాను, అన్నీ గీ ఇంటియే."

లచ్చి తల పూర్తిగా వెనక్కి వాల్చి పైకి చూసింది. ఇన్నేళ్లూ నడుం వంచి కోసిన పూలకు ఆకాశమంత ఎత్తున ఇంత పెద్ద చుట్టముందా! ఆ గరుకు బెరడు మీద రెండు అరచేతులూ ఆనించి, గుండెనిండా గాలి పీల్చుకుంది. కొప్పులోని మల్లె తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే మాత్రం ఏమీ తెలియలేదు. అయినా బాధ కలగలేదు. చీకటి పడుతోందని భాగ్య చెయ్యి పట్టి లాగేదాకా అక్కడే నిలబడిపోయింది.

ఇంటికొచ్చిన వారానికి, తెల్లవారుజామున పూలు కోస్తూ లచ్చి కెవ్వున అరిచింది. పామేమోనని జైసింగ్ మోటారు దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చాడు.

"మల్లె వాసనొస్తాంది!" అంది, ఒళ్లోని పూలలో ముఖం దాచుకుని. కాసేపటికి తలెత్తి, "నీ బీడీ కంపు గూడ వస్తాంది, జర దూరం జరుగు" అంది.

జైసింగ్ జరగలేదు. నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ ఆమె పక్కనే మట్టిలో కూలబడ్డాడు.