ముందుగాల మా కోడలు

పోయిన మంగళవారం మా పక్కింటివాళ్ల ఫోన్‌కు అత్తగారి ఊరు మెట్‌పల్లి నుంచి కబురొచ్చింది, అత్తమ్మ పోయిందని. పొద్దున్నే లేచి చాయ్ తాగి మంచంమీద ఒరిగిందట. మళ్లీ లేవలేదు.

అత్తమ్మ అంటే మా ఆయన తల్లి. పెళ్లయిన కొత్తలో ఆమె గొంతు వింటేనే నాకు భయం. పసుపు చేన్లో కూలీలను పిలిచి పిలిచి అలవాటైన గొంతు. వంటింట్లో ఉప్పు అడిగినా వాడకట్టంతా వినిపించేది. నేను ఏడ్చినప్పుడు మాత్రం గొంతు తగ్గించి, పళ్లెం ముందు పెట్టి, "జర తిని ఏడువు బిడ్డా, ఓపికుంటది" అనేది.

ఏడ్చిన రోజులు చాలానే ఉన్నాయి. ఎనిమిదేళ్లయినా మాకు పిల్లలు కలగలేదు. చివరికి కరీంనగర్‌లో ఒక డాక్టరమ్మ దగ్గర సూదులు వేయించుకున్నాక నెల తప్పింది. అత్తమ్మ ఇంటింటికీ తిరిగి బెల్లం పంచింది.

రెండో నెలలోనే పొట్ట ఉబ్బి, ఆయాసం మొదలైంది. చూడవచ్చినవాళ్లు కవలలన్నారు. ఒక మధ్యాహ్నం కుడివైపు పొత్తికడుపును ఎవరో మెలిపెట్టినట్టు నొప్పి వచ్చింది. వాంతులతో నేలమీద పడిపోయాను. అత్తమ్మ జీపు మాట్లాడి, నా తల ఒళ్లో పెట్టుకొని కరీంనగర్ తీసుకుపోయింది.

"సూదులకు అండాశయాలు ఉబ్బినయి. ఒకటి మెలిపడ్డది, ఇప్పుడే ఆపరేషన్ చెయ్యాలె. కడుపు నిలుస్తదో లేదో చెప్పలేను" అంది డాక్టరమ్మ.

మా ఆయన తల్లివైపు చూశాడు. మనుమల కోసం మొక్కని దేవుడు లేని అత్తమ్మే ముందుకొచ్చింది.

"జల్ది చెయ్యుండ్రి అమ్మా. ముందుగాల మా కోడలు బతకాలె. పిల్లలు లేకుంటె లేకపాయె."

స్ట్రెచర్‌మీద ఆ మాట విన్నాను. అంత నొప్పిలోనూ గుండెలో ఏదో బరువు దిగిపోయింది.

నల్లబడిన అండాశయాన్ని తీసేశారు. కడుపు మాత్రం నిలిచింది. ఇప్పుడు మా బిడ్డ బడికి పోతోంది. "ఇంకొకరుంటే బాగుండు" అని చుట్టాలు నసిగితే అత్తమ్మ ఊరుకునేది కాదు. "మీ ఇండ్లల్ల ఉన్నోళ్లను సక్కగ సూసుకోండ్రి" అనేది.

ఆమెను తలచుకుంటే, కుట్లు విప్పాక ఇంటికి తిరిగొచ్చిన రోజే గుర్తొస్తుంది. మెట్‌పల్లి బస్సు కిక్కిరిసి ఉంది. నన్ను కిటికీ వైపు కూర్చోబెట్టి, తాను పక్కన కూర్చొని, ఎవరి మోచేయీ నాకు తగలకుండా ముందుసీటు కడ్డీ పట్టుకొని చెయ్యి అడ్డంగా పెట్టింది.

"చెయ్యి గుంజుతది అత్తమ్మా, దించరాదూ" అన్నాను.

"నువ్వు పండుకో" అంది.

జగిత్యాల దాటాక మెలకువ వచ్చింది. అత్తమ్మ కూడా నిద్రపోతోంది. ప్రతి కుదుపుకూ తల ఊగుతోంది. చెయ్యి మాత్రం కడ్డీని వదల్లేదు.